ఎవరికి చెప్పే పద్యం

2024 నవంబరు 21, గురువారం, ఉదయం పదకొండు గంటలు. సిద్దిపేటలోని ఒక డిగ్రీ కళాశాల తెలుగు శాఖ గదిలో ఉన్నవారు నలుగురు: ప్రిన్సిపాల్ ప్రమీలాదేవి, శాఖాధిపతి గజేందర్, గెస్టు లెక్చరర్ స్నిగ్ధ, చివరి సంవత్సరం విద్యార్థిని సంహిత. తేలవలసిన సంగతి ఒక్కటే. సంహిత ఇచ్చిన ప్రాజెక్టు ఆమె సొంత రచనేనని గజేందర్ సంతకం పెట్టాలి. సాయంత్రంలోగా పెట్టకపోతే ప్రాజెక్టు చెల్లదు. ఆ అమ్మాయి డిగ్రీ ఆగిపోతుంది.

ఆ ప్రాజెక్టు పని స్నిగ్ధ పెట్టినది. పిల్లలు ఏడాదంతా ప్రాచీన కావ్యాలు చదివి, తమ ఇంట్లో జరిగిన ఒకే సంఘటనను అర్జీగా, ఉత్తరంగా, సీసపద్యంగా రాయాలి. సంహితది చంద్లాపూర్. తండ్రి దుబ్బయ్య కల్లుగీత కార్మికుడు. రెండేళ్ల కిందట తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఆమె తహసీల్దారుకు రాసిన అర్జీలో తేదీ, చెట్టు ఎత్తు, దవాఖాన చీటీ నంబరు అన్నీ ఉన్నాయి. మేనత్తకు రాసిన ఉత్తరంలో ఏడుపు ఉంది. పద్యంలో మాత్రం పడడమన్న మాటే లేదు. చెట్టెక్కే మోకు గోడ మేకుకు వేలాడుతుంటే, పొద్దున్నే అటువైపు చూడకుండా ఇంటిల్లిపాదీ చాయ్ తాగడం. అంతే.

నాలుగు రోజులుగా గజేందర్ ఆ పద్యాన్నే చదువుతున్నాడు. యాభైకి దగ్గరపడిన ఒంటరి మనిషి. కిరాయి ఇంట్లో, పుస్తకాల మధ్య, ఇరవై రెండేళ్లుగా ఒక శతకం రాస్తూ కొట్టేస్తూ ఉన్నాడు. అరవై ఒక్క పద్యాలయ్యాయి. ఒక్కదానిలోనూ గణం తప్పలేదు. ఒక్కదాన్నీ రెండోసారి చదవాలని ఆయనకే అనిపించలేదు. ఈ పిల్ల పద్యం మొదట చదివిన రోజు ఆయనకు అన్నం సహించలేదు.

"ఇంత అణచి చెప్పుడు ఇరవై ఏండ్ల పిల్లకు రాదు మేడం," అన్నాడు ప్రమీలాదేవితో. "స్నిగ్ధ గారి చెయ్యి పడ్డట్టుంది."

స్నిగ్ధ నవ్వింది. "నాకే గంత వస్తే ఇంకా గెస్టు లెక్చరర్‌గ ఎందుకుంట సార్?"

ప్రమీలాదేవి గడియారం చూసుకుంది. "అనుమానముంటే గీడనే రాయించున్రి. రెండింటికి నాకు గజ్వేల్ల మీటింగుంది."

ఆయన కోరుకున్నది అదే. ముందే తయారుగా ఉన్నట్టు తెల్లకాగితం సంహిత ముందుకు జరిపాడు. "మూతపడ్డ దుకాణం. తేటగీతి రాయి."

సంహిత పెన్ను మూత తీసి ఆగింది. "సార్, ఎవరికి చెప్తున్నట్టు రాయాలె?"

"ఎవరికైతేంది? పద్యం పద్యమే కద."

"అట్ల కాదు సార్. తహసీల్దారుకైతే మోకు ఎట్ల తెగిందో చెప్పాలె. మా అత్తకు గదంత అక్కర లేదు. బాపు తిన్నడా, పన్నడా చెప్తే చాలు. పద్యం బాపుకే రాసిన. పడ్డ సంగతి ఆయనకు నేను చెప్పేదేముంది? గందుకే రాయలే."

ఎవరికి చెప్తున్నాననే ప్రశ్న ఇరవై రెండేళ్లలో గజేందర్ ఒక్కనాడూ వేసుకోలేదు. "ఇదంతా ఎవరు నేర్పిన్రు?" అన్నాడు.

"గణాలు మీరే నేర్పిన్రు సార్, ఫస్టియర్ల. వేళ్ల మీద లెక్కపెట్టించిన్రు." ఆమె గొంతులో నిజమైన గౌరవం ఉంది, అదే ఆయనకు మరింత గుచ్చుకుంది. "పాత కావ్యాలల్ల పెద్ద దుఃఖం వచ్చిన కాడ కవులు సగమే చెప్పి ఊకుంటరు. ఎందుకు ఊకున్నరో ఆలోచించుకొని రమ్మన్నరు స్నిగ్ధ మేడం."

స్నిగ్ధ వైపు చూడడానికి ఆయనకు మనసొప్పలేదు. తను లెక్క నేర్పాడు. ఎందుకన్న ఆ ఒక్క మాట అడిగి, ఆ పిల్లను తన దగ్గర్నుంచి ఎత్తుకుపోయింది ఈమె. తననూ ఎవరైనా ఇరవయ్యో ఏట అలా అడిగి ఉంటే!

"రాయనక్కర లేదు," అన్నాడు. "నీదే."

ధ్రువపత్రం దగ్గరకు లాక్కున్నాడు. మార్కుల గడిలో యాభైకి గాను నలభై ఏడు వేశాడు.

"మూడెందుకు తగ్గించిన్రు సార్?" అంది ప్రమీలాదేవి.

వెతికితే ఒక కారణమైనా దొరకాలి. దొరకలేదు. "అలవాటు మేడం," అన్నాడు. ఆ అంకె కొట్టేసి పక్కన యాభై వేశాడు. దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం, అడుగున పూర్తి సంతకం, తేదీ. సిరా ఆరేదాకా చూసి కాగితాన్ని మూడు మడతలు పెట్టాడు. ప్రమీలాదేవి దాన్ని కవరులో వేసి, బ్యాగులో పెట్టుకుంది.