నెత్తిన రెండు గీతలు పడ్డ గుణకారం

నేను ఒక గుణకారాన్ని. వంతులు ఇంటూ అరవై, అంతే నా ఒళ్లు. అనంతపురం పక్క ఒక ఎత్తిపోతల మోటారును నడిపే డబ్బా ఉంది, దాని ప్రోగ్రాములో ఒక్క వరుసను.

నన్ను రాసింది షాహీన్. రైతుకు ఎకరానికొక వంతు, వంతుకు అరవై నిమిషాల నీళ్లు. ఎన్ని వంతులో చెబితే మోటారు ఎన్ని నిమిషాలు తిరగాలో నేను చెబుతాను. బడిపిల్లకైనా అర్థమవుతాను. అదే నా నేరం.

షాహీన్ పైన పురంధర్ అని ఒక పెద్ద ఇంజనీరు. "ఇదేం రాతమ్మా? గుణకారం చిప్పుకు బరువు. జరపాలి!" అన్నాడు. అంకెను ఒకసారి ఎడమకు జరిపితే రెట్టింపవుతుంది. చిప్పుకది చిటికెలో పని. ఆరుసార్లు జరిపితే అరవై నాలుగు రెట్లు, రెండుసార్లు జరిపితే నాలుగు రెట్లు. దాంట్లోంచి ఇది తీసేస్తే అరవై. తెలివే, కాదనను. కానీ ఆ చాకిరీకి కంపైలర్ అని ఒకటి ఏడ్చింది కదా! మనిషి రాసినదాన్ని చిప్పు భాషలోకి మార్చేది అదే. నాలాంటివాటిని అడక్కుండానే ముక్కలు కోసి చౌక పనులుగా మార్చేస్తుంది. షాహీన్ ఆ మాటే అనబోయింది.

"నేను ఈ పనిలోకొచ్చేసరికి నువ్వు పలక నాకుతూ ఉండుంటావు" అన్నాడాయన.

నా నెత్తిన రెండు గీతలు గీశాడు. ఆ గీతలు పడ్డ వరుసను కంపైలర్ కన్నెత్తి చూడదు. శవాన్ని పాతిపెట్టకుండా వాకిట్లో పడుకోబెట్టినట్టు నన్నక్కడే ఉంచి, కింద తన జరుపుళ్లు రాసుకుని మీసం దువ్వుకున్నాడు.

ఆరు నెలలకు కరెంటు కోతలొచ్చాయి. వంతును యాభై నిమిషాలకు తగ్గించమన్నారు. ఆ మేధావి అప్పటికి తన తెలివి తానే మరిచాడు. నాలో అరవై చూశాడు, కింద ఆరు చూశాడు. ఆరు తీసి ఐదు పెట్టాడు. యాభై అయిపోయిందట! మోటారు తిరిగింది, ఆగింది, చాలన్నాడు. ముప్పై రెండులోంచి నాలుగు పోతే ఎంత? ఇరవై ఎనిమిది. అది ఎవడు లెక్కేశాడు?

లెక్కేసింది హనుమక్క. కాలువ చివర రెండెకరాల వేరుశెనగ ఆమెది, కాయలు కట్టే ఊడలు భూమిలోకి దిగే అదను. ఎగువ రైతులకు బోర్లున్నాయి, నోరు మెదపలేదు. ఈమెకు ఈ కాలువే గతి. మూడు తడులు చూసి, మోటారు కొట్టం దగ్గర పురంధర్‌ను నిలేసింది.

"ఏం సామీ, నూరు నిమిషాలంటిరి, గంటన్నా కాకుండానే మోటారు ఆగిపాయ."

"కాలువకు గండి పడిందేమో చూసుకోపో."

"గండి పడితే నీళ్లు పోతాయి గానీ మోటారు ఆగుతుందా? ఫోన్లో టైము పెట్టి చూసినా, యాభై ఆరు నిమిషాలే."

ఆయన వెంట వచ్చిన షాహీన్ అక్కడే ల్యాప్‌టాప్ తెరిచింది. యాభై ఆరును రెండుతో భాగించి జరుపుళ్ల దగ్గర ఆగింది. నన్ను గీతల కింద చూసి, ఒక పక్క నన్ను కంపైలర్‌కు వేసి చూపించింది. ఆరుసార్లు జరుపు, రెండుసార్లు జరుపు, తీసెయ్. ఆయన మొదట రాసినదానికి అక్షరం తేడా లేదు.

"సార్, మీరు చేతితో రాసింది కంపైలరే చేసిపెట్టేది."

"అంటే నేను రాసింది కరెక్టే కదమ్మా!" అన్నాడు, సిగ్గులేకుండా.

"నీ కరెక్టు నా చేన్లో పారుతుందా సామీ?" అంది హనుమక్క.

షాహీన్ ఆయన జరుపుళ్లు కొట్టేసింది, నా గీతలు చెరిపింది, అరవైని యాభై చేసింది. హనుమక్క గట్టు మీద ఫోను పట్టుకుని నూరో నిమిషం దాకా కదల్లేదు. ఒక ఎకరా తేరుకుంది. రెండోదాంట్లో ఊడలు గట్టినేల మీదే మాడిపోయాయి. దానికి పురంధర్ ఏ జరుపుడూ కనిపెట్టలేదు.

ఇప్పుడు చిప్పులో నన్ను ఎన్ని ముక్కలు కోస్తారో నాకు తెలియదు, అక్కర్లేదు. పైన మాత్రం యాభై అంటే యాభై అనే ఉన్నాను. రేపు వంతు మారితే, ఎవడొచ్చినా చదివి మార్చుకుంటాడు, పురంధర్‌తో సహా.