పొడుగాయన పేరు చెప్పండి

దీపం వత్తి సర్దుతున్నప్పుడల్లా అతనికి అదే సందేహం. ఇన్నేళ్లలో ఎవరినీ అడగలేదు. రోడ్డుకు ఇటువైపు తమ షోరూములో దీపం పెట్టే వేళకే అటువైపు షోరూములోనూ ఎవరో ఒకరు దీపం పెడుతుంటారు. రెండు చోట్లా అమ్మేది పికప్ బండ్లే, కంపెనీలు వేరు. ఇద్దరూ మొక్కుకునేది ఒకటే, ఈ నెల మన బండ్లు వాళ్లకంటే ఎక్కువ పోవాలని. వినేవాడు మాత్రం ఒక్కడే. ఆయన ఎవరి మాట వింటాడు? ఇద్దరిదీ విని ఊరుకుంటాడా? ఊరుకునే దేవుడికి దీపం ఎందుకన్న ఆలోచన అతనికి ఎప్పుడూ రాలేదు. పెట్టడం పెట్టడమే. అగ్గిపుల్ల ఊది పక్కన పడేసి, బకెట్టు అందుకున్నాడు.

తుడిచే మనిషిని మానిపించాక బండి తుడవడం కూడా అమ్మేవాళ్ల పనే అయింది. షోరూము మధ్యలో నిలబెట్టిన తెల్ల పికప్‌కి ముందు అద్దం, తర్వాత తలుపులు, తర్వాత వెనక తొట్టి. చక్రాలకు నల్ల రంగు పాలిషు పట్టిస్తుంటే గోళ్ల సందుల్లోకి పోతుంది. అది అన్నం కలుపుకునే వేళకు కూడా పోదు. మోకాలు నేలకు ఆనించి లేవడానికి బంపరు పట్టుకోవాలి. బంపరు మీద వేళ్ల గుర్తులు పడతాయి. వాటిని మళ్లీ తుడవాలి. చొక్కా జేబు మీద కంపెనీ బొమ్మ కుట్టి ఉంది. ఉతికి ఉతికి ఆ బొమ్మ ఏ కంపెనీదో గుర్తుపట్టలేనట్టు అయింది.

మేనేజరు వచ్చీ రాగానే గోడ మీది బోర్డు ముందు నిలబడ్డాడు. బోర్డులో రెండు గళ్లు. ఒకదాని మీద 'మనం', రెండోదాని మీద 'వాళ్లు'. మేనేజరు వయసులో అతని పెద్ద కొడుకంత ఉంటాడు.

"అంకుల్, ఇవాళ నెలాఖరు."

"అవును సార్."

"వాళ్లు ఒక్క బండి ముందున్నారు. మనం ఒకటి అమ్మి సమానం చేసినా పైవాళ్లకి ఏదో చెప్పుకుంటా. లేదంటే ఒక మనిషిని తగ్గించమన్నారు. ఆ మనిషెవరో నా నోటితో చెప్పించకండి."

అతను తల ఊపాడు. ఈ వయసులో ఇంకో షోరూములో తీసుకోరు. అదీ ఇద్దరికీ తెలుసు. తడిగుడ్డ పిండి బకెట్టు అంచు మీద ఆరేశాడు.

దేశం మొత్తం మీద ఏ కంపెనీ ఎన్ని బండ్లు అమ్మిందో పేపర్లో వస్తుంది. ఈ రోడ్డు లెక్క మాత్రం టీ కొట్టు బల్ల మీద తేలుతుంది. అవతలివాళ్లు ఎన్ని అమ్మారో చూసి రమ్మని నెలాఖరు సాయంత్రాలు మేనేజర్లు అతన్ని ఆ బల్ల మీదికి పంపేవారు. అటునుంచి అక్కడ బండ్లు అమ్మే పొడుగాయన వచ్చేవాడు. మొదట్లో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని, ఒకరి గేటువైపు ఒకరు మెడలు తిప్పి చూసుకునేవారు. ఒకనాడు పొడుగాయన టీ గ్లాసు కింద పెట్టి, "నాకు మెడ పట్టేసిందయ్యా. నీ లెక్క నువ్వు చెప్పు, నా లెక్క నేను చెప్తా," అన్నాడు. అప్పట్నుంచి చెప్పుకోవడమే. ఎంత గూఢచర్యం చేసి తెస్తున్నారో అని రెండు వైపులా వచ్చిన ప్రతి కొత్త మేనేజరూ మెచ్చుకునేవాడు.

ఎండ ముదిరాక నీళ్ల క్యాన్ల ఆవిడ వచ్చింది. తాగే నీళ్లు ఇంటింటికీ వేసే వ్యాపారం. భర్తకు నడుం పడిపోయి మంచం మీద ఉన్నాడు. తోడుగా మరిదిని తెచ్చుకుంది. పాత ఆటోలోంచి నిండు క్యాను ఒకటి దింపించి షోరూములోకి పట్టుకొచ్చింది.

"బండి కొనడానికి వస్తూ నీళ్లెందుకమ్మా?" అన్నాడతను.

"మోసేది దీన్నే కదా అన్నయ్యా. దీన్ని చూపించకుండా ఎలా కొంటాను?"

మరిది అప్పటికే డ్రైవరు సీట్లో ఎక్కి ఏవేవో నొక్కుతున్నాడు. "వదినా, పాటలు భలే వస్తున్నాయి విను."

"క్యాన్లు వింటాయా పాటలు? దిగు."

అతను మామూలుగా చెప్పేవన్నీ చెప్పాడు. ఎంత బరువు లాగుతుంది, లీటరుకు ఎంత దూరం పోతుంది, నెలాఖరు కాబట్టి ఎంత తగ్గిస్తారు. ఆవిడ వింటూనే రోడ్డు అవతలికి చూసింది.

"ఎదురుగా వాళ్లదే ఎక్కువ పోతోందట కదా. ఎందుకని?"

"ఎక్కువమంది కొన్నారని ఇంకొంతమంది కొంటున్నారమ్మా."

"మరి మొదటివాడు ఎందుకు కొన్నాడు?"

ఆవిడ నవ్వి, కొంగు నడుముకు దోపి, క్యాను ఎత్తింది. తొట్టి అంచు ఆవిడ రొమ్ము దాకా వచ్చింది. మునివేళ్ల మీద లేచి, గడ్డం పైకెత్తి, ఒక్క తోపు తోసింది. లోపల నీళ్లు గలగలమన్నాయి. మళ్లీ దించుకునేటప్పుడు ఆవిడ మొహం కందిపోయింది.

"అలవాటైపోతుందిలే," అంది. "మీరు తగ్గిస్తానన్న రేటు ఇంకెవరూ ఇవ్వరు. రాసెయ్యండి."

టీ కొట్టు పిన్ని గ్లాసుల పళ్లెంతో వచ్చింది. వాళ్లకు చెరొకటి ఇచ్చి, అతన్ని స్తంభం పక్కకు పిలిచింది.

"పొడుగాయన పోయాడట. పొద్దున్నే పళ్లు తోముకుంటూ అక్కడే కూలబడ్డాడట. వాళ్ల క్యాషియరమ్మ చెప్పింది."

అతను పళ్లెంలోకి చూశాడు. "పంచదార లేకుండా ఒకటి అడిగారు పిన్నీ. తెచ్చావా?"

"తెచ్చా." ఆమె పళ్లెం అక్కడే పెట్టింది. "ఇక సాయంత్రం లెక్క నీకెవరు చెప్తారు?" అనేసి వెళ్లిపోయింది.

అతనికి ఏడుపు రాలేదు. అద్దంలోంచి అవతలి షోరూము కనిపిస్తోంది. తలుపులు తీసే ఉన్నాయి. ఎవరో చక్రాలకు పాలిషు పట్టిస్తున్నారు.

అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో గడువులోగా ఒక్క బండైనా అమ్మకపోతే తీసేస్తామన్నారు. గడువు ఆఖరి రోజున ఇటుకల వ్యాపారి ఒకాయన రోడ్డు దాటి వచ్చాడు. ఎర్ర బండి కావాలన్నాడు, ఎదురుగా పొడుగాయన తమ దగ్గర ఎరుపు లేదని ఇటు పంపాడన్నాడు. ఆ సాయంత్రం అతను ఇంటికి పోతూ అవతలి పెరటి గోడ మీదుగా చూశాడు. ఎర్ర బండ్లు రెండు, కప్పిన టార్పాలిన్ పట్టాల కింద. ఎందుకు పంపాడో ఎప్పటికీ తెలియలేదు. అద్దంలోంచి తన మొహం చూసి ఉంటాడా? టీ బల్ల మీద ఒకసారి ఆ మాట ఎత్తబోతే, "టీ చల్లారిపోతోంది తాగు," అన్నాడు పొడుగాయన. అలా ఒక బేరం బాకీ ఉండిపోయింది.

అతను స్తంభం పక్కనుంచి వచ్చి బండి వెనక నిలబడ్డాడు. ఆవిడ చేతిసంచి జిప్పు తీస్తోంది.

"అమ్మా, రోజుకు ఎన్ని ఎత్తుతారు?"

"లెక్కపెడితే చేతులు నొప్పులు పుడతాయని పెట్టను."

"ఎదురు షోరూము బండికి తొట్టి జానెడు కిందికి ఉంటుంది. ఇదే క్యాను పట్టుకెళ్లి ఎత్తి చూడండి."

ఆవిడ చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. "మీరే పొమ్మంటున్నారా అన్నయ్యా?"

"అక్కడ పొడుగాయన పేరు చెప్పండి. ఆయన బేరంగా రాయమని చెప్పండి."

"ఆయన ఉంటాడా?"

"ఉండడు. పొద్దున పోయాడు. ఎవరి పేరు చెప్పుకుని వస్తే బేరం వాళ్లదే, రెండు షోరూముల్లోనూ అంతే. మనిషి పోయినా నెల తిరిగేదాకా పేరు తియ్యరు. బండి మీద వచ్చే కమీషను ఇంట్లోవాళ్లకి ఇస్తారు."

మరిది కిందికి దిగాడు. "పోయినాయన పేరు చెప్పి బండి కొనాలా వదినా? శకునం..."

"నోర్మూసుకుని క్యాను పట్టు," అంది ఆవిడ. అతనివైపు ఒకసారి చూసి, టీ పూర్తిగా తాగి, గ్లాసు పళ్లెంలో పెట్టి వెళ్లింది. ఇద్దరూ క్యానును చెరోవైపు పట్టుకుని రోడ్డు దాటడం అతను చూశాడు. ఆవిడ చేతుల కోసం పంపాడో, పొడుగాయన కోసం పంపాడో, అడిగితే అతను చెప్పలేడు.

"ఏమైంది?" మేనేజరు గదిలోంచి వచ్చాడు.

"కుదరలేదు సార్. తొట్టి ఎత్తుగా ఉంది."

"ఆ తొట్టి నిన్న కూడా అంతే ఎత్తుంది కదా అంకుల్."

ఆవిడ వేళ్ల గుర్తులు తొట్టి అంచు మీద పడ్డాయి. అతను గుడ్డ తెచ్చి తుడిచాడు.

భోజనాల వేళకు భార్య ఫోను చేసింది. "ఏమన్నా కుదిరిందా?"

"పొడుగాయన పోయాడు."

"అయ్యో." అటువైపు ఆమె తొక్కుతున్న కుట్టుమిషను ఆగింది. ఆ మొదటి బేరం సంగతి ఆమెకు తెలుసు. "మరి మనది?"

"కుదర్లేదు."

"అన్నం తినండి. రాత్రి వాళ్లింటికి వెళ్దాం," అని పెట్టేసింది. అతను తిన్నాడు. ఏం తిన్నాడో గిన్నె కడిగేటప్పుడు చూసి తెలుసుకున్నాడు.

పొద్దువాలాక టీ కొట్టుకు వెళ్లాడు. వెళ్లాల్సిన పని లేదు, అయినా నెలాఖరు కదా. బల్ల ఈ చివర కూర్చున్నాడు. పిన్ని అడక్కుండానే టీ పెట్టింది. అవతలి గేటులోంచి కొత్త పికప్ వెనక లైట్లు వెలుగుతూ బయటికొచ్చింది. మరిది నడుపుతున్నాడు. పాటలు పెద్దగా పెట్టాడు. ఆవిడ కిటికీలోంచి అతన్ని చూసి తల వంచింది, అంతే. వెనక తొట్టిలో క్యాను ఒక్కటే అటూ ఇటూ ఊగుతూ పోయింది.

క్యాషియరమ్మ బ్యాగు భుజాన వేసుకుని బస్సుకని ఇటు వచ్చింది.

"ఆ ఆఖరి బండి పొడుగాయన పేరునే వేశాం బాబాయ్. మావాళ్లు ఒకళ్లిద్దరు గొణిగారు గానీ, ఆవిడ వింటేగా. ఆ పేరు రాస్తేనే కొంటానని కూర్చుంది. రేపు వాళ్లావిడకి నేనే ఇచ్చొస్తా." ఆమె గొంతు తగ్గించింది. "ఆ క్యాన్లావిణ్ణి ఎవరు పంపారో పొడుగాయనకి తెలిస్తే బాగుండేది."

"టీ తాగుతావా అమ్మా?" అన్నాడతను.

"బస్సు పోతుంది బాబాయ్."

అతను మేనేజరుకు ఫోను చేసి లెక్క చెప్పాడు. తేడా ఒకటి కాదు, రెండు. "సరే అంకుల్. రేపు వచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టండి," అన్నాడు మేనేజరు. సరే సార్ అన్నాడతను. గ్లాసు పిన్ని చేతికిచ్చి లేచాడు. ఆ బేరం బాకీ తీరింది. భుజాలు తేలికవుతాయనుకున్నాడు. ఎప్పటిలాగే ఉన్నాయి.

పిన్ని తడిగుడ్డతో బల్ల తుడుచుకుంటూ వచ్చి అవతలి చివర ఆగిపోయింది. కొత్త బండ్లు ఒరుసుకోకుండా ఫ్యాక్టరీవాళ్లు తలుపుల మధ్య ఇరికించే స్పాంజి ముక్క ఒకటి అక్కడ ఉంది. ఎముకలు గుచ్చుకుంటున్నాయని పొడుగాయన ఎప్పుడో తెచ్చి వేసుకున్నాడు. ఆమె దాన్ని తియ్యకుండా చుట్టూ తుడిచి వెళ్లింది. బల్ల తడి ఆరుతోంది. స్పాంజి నడుమ మనిషి కూర్చున్నంత మేర గుంట ఇంకా పూడలేదు.