ఎల్లమ్మ అడిగిన మీసం

"ఈ ఎల్లారెడ్డిల సొంతంగ కలలు కనేటోన్ని నేనొక్కన్నే" అని గంగారాం చెప్పుకుంటుండె. వాని కలలన్ని కామారెడ్డికి వచ్చిన టాకీసు డేరాకెల్లి తెచ్చుకున్నయే.

పోయిన శనివారం భజనల బావ పోశెట్టి వాని చేతుల తాళాలు గుంజుకున్నడు. "నువ్వు పాడితే బర్లు పాలిస్తలేవురా" అన్నడు. ఊరంత నవ్వింది. ఆ దినంకెల్లి గంగారాంకు బువ్వ సయిస్తలేదు. వాని కన్ను బావ మీసం మీద పడ్డది. ఆ మీసం ఒక కొస ఎల్లారెడ్డిల ఉంటే, ఇంకో కొస నాగిరెడ్డిపేటల గాలికి ఊగుతుండె.

కలలకు వచ్చి దేవత అడిగింది ఇయ్యకుంటే ఇల్లు ఆగమైతదని అందరికి ఎరుకే. గంగారాం పొద్దుగాల్నే పోయి బావ వాకిట్ల కూసున్నడు.

"బావా, తెల్లారంగ ఎల్లమ్మ కలలకు వచ్చింది. నీ మీసం అడిగింది."

పోశెట్టి అప్పటికప్పుడే మంగలిని పిలిపిచ్చిండు. అక్క రాజవ్వ చాట పక్కన పెట్టింది.

"అమ్మ ఏమన్నదిరా? ఉన్నదున్నట్టు చెప్పు."

"ముందుగాల పాట పాడింది. ఎనుక హార్మోనియం మోగింది. 'వత్సా, నీ బావ మీసము నాకు సమర్పింపుము' అన్నది."

"మన ఎల్లమ్మ ఎవలికి పూనినా 'బిడ్డా, నా కల్లు సాక ఏదిరా' అంటది. ఈ వత్స ఎవడురా? ఆ టాకీసు నేను గూడ చూసిన."

గంగారాం నేల చూసిండు.

"అండ్ల దేవత రాజును కిరీటం అడిగిందక్కా. ఆ కిరీటాన్ని నేనే మీసం చేసిన. తాళాలు గుంజుకున్న కోపం సల్లారలే. బావా, మంగలి ఎట్లగు వచ్చిండు, ఒక్క దిక్కన్న తీపియ్యరాదా?"