చప్పటి నీళ్లు

హనుమయ్య యంత్రం విప్పి, లోపలి పలుచటి పొరలను ఒక్కొక్కటిగా తీసి, వాటికి పట్టిన తెల్లటి సుద్దను తుడుస్తున్నాడు. లేతరంగుది ఒకటి, ముదురుది ఒకటి, మార్చి మార్చి పేర్చాలి. కరెంటు పెడితే నీళ్లలోని ఉప్పు ఆ పొరలు దాటి పక్క అరల్లోకి పోతుంది. మధ్యలో మంచినీళ్లు మిగులుతాయి. ఎనభై ఎనిమిదిలో, రేపల్లెకు దిగువనున్న ఆ ఉప్పునీళ్ల ఊళ్లో దాన్ని పెట్టారు. జనం ఒకసారి వండి చూసి, నీళ్లు చప్పగా ఉన్నాయని మళ్లీ బావికే పోయారు.

ఇవాళ బాపట్ల నుంచి ఇంజనీరు బసవేశ్వరరావు తనిఖీకి వస్తున్నాడు. ఎవరూ నీళ్లు పట్టుకోవడం లేదని తెలిస్తే యంత్రాన్ని ఎత్తేస్తారు, దానితోపాటు దాన్ని నడిపే హనుమయ్యనూ. తెనాలిలో ఉండే అతని భార్య అతణ్ని చప్పటి మనిషి అనేది. అందుకే ఊరు నీళ్లను తిడితే తననే తిట్టినట్టుండేది. పొరలు మాత్రం అతణ్ని ఏమీ అనేవి కావు.

పక్కింటి రాఘవమ్మ జాలిపడి, ఆ నీళ్లతోనే ఇంజనీరుకు భోజనం వండింది. రెండు మిరపకాయలు ఎక్కువే వేసింది. ఇంజనీరు పక్కన కూర్చున్న హనుమయ్యకు మొదటి ముద్దే చప్పగా తగిలింది. వంటింట్లోకి వెళ్లి మెల్లగా అడిగాడు.

"ఉప్పు వెయ్యలేదా పిన్నీ?"

"ఉప్పేంటి అబ్బాయ్? మా అత్త వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు. బావినీళ్లలో ఉన్నదే చాలదూ?"

ఏడాదిగా తనను తినేసిన అవమానమంతా ఇంతేనా అనిపించింది. తిరిగొచ్చేసరికి ఇంజనీరు మారు వడ్డించుకుంటున్నాడు. ఆయనకు బీపీ. డాక్టరు ఉప్పు మానమన్నాడు, ఇంట్లో ఎవరూ మాననివ్వలేదు.

"ఇంత మంచి నీళ్లు ఈ మూల ఎందుకయ్యా? మా బాపట్లలో ఉండాలి."

"నీళ్ల గొప్ప కాదండి. పప్పులో ఉప్పు పడలేదండి."

"నీకు వినయం ఎక్కువ," అన్నాడు ఇంజనీరు, ఆకు మడుస్తూ.

సాయంత్రం హనుమయ్య ఒక జాడీ నిండా ఉప్పు కొని రాఘవమ్మకిచ్చి, చిటికెడు వేసి చూడమన్నాడు. ఆ రాత్రి వాళ్లింట్లో గిన్నె నాకేశారట. వారం తిరిగేసరికి కుళాయి దగ్గర బిందెలు కొట్టుకున్నాయి. నెల తిరిగేసరికి యంత్రాన్ని బాపట్లకు తీసుకుపోవడానికి లారీ వచ్చింది.

పొరలను నానబెట్టిన డ్రమ్మును కావలించుకుని హనుమయ్య లారీ వెనక కూర్చున్నాడు. ప్రతి గుంటకూ నీళ్లు చిందుతున్నాయి. ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లలోంచి రాఘవమ్మ, "రుచి మప్పి పోతున్నావు అబ్బాయ్," అంది. తనను ఎవరైనా తిట్టినందుకు అతనికి సంతోషం కలగడం అదే మొదటిసారి.

మర్నాడు రాఘవమ్మ బావినీళ్లతో పప్పు పెట్టింది. అలవాటుగా పైకి చాచిన చెయ్యి మధ్యలోనే ఆగింది. అటకమీద, మూతికి గుడ్డ కట్టిన జాడీలో, సముద్రపు గాలికి ఉప్పు చెమ్మగిల్లుతోంది.