గుండీల డబ్బాలో మాత్రలు

ఆ వీధిలో దర్జీని అందరూ సగం డాక్టరనే పిలిచేవారు. మిగతా సగం ఎక్కడుందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అతని మిషను పక్కన గళ్లగళ్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. ఒక గడిలో కోటు గుండీలు, ఒక గడిలో చొక్కా గుండీలు, మిగతా గళ్ల నిండా యాంటీబయాటిక్ మాత్రలు. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా సరే, కాస్త నెమ్మదించగానే మందు ఆపించేసేవాడు. మిగిలినవి అట్టలోంచి ఒలిచి, రంగుకు రంగు జతచేసి గళ్లలో పోసేవాడు. గుండీలకు లేని పేర్లు మాత్రలకెందుకని అతని లెక్క. తెల్ల గుండీ ఊడితే తెల్ల గుండీ కుడతాం, ఎర్ర మాత్రతో పోయిన దగ్గు మళ్లీ వస్తే ఎర్ర మాత్రే వేస్తాం, అంతే కదా. అతని మాత్ర మింగిన వీధివాళ్ల పడిశం దానంతటదే పోయినా, పేరు మాత్రం దర్జీ హస్తవాసికే వచ్చేది.

అంత హస్తవాసి ఉన్న చేతికే ఒకరోజు మిషను సూది దిగింది. సరిగ్గా బొటనవేల్లో.

సగం డాక్టరు బెదరలేదు. పొద్దున ఎర్రది వేసుకున్నాడు. మధ్యాహ్నం పచ్చది. రాత్రి, ఎవరి మనసూ నొప్పించడమెందుకని, రెండు రంగులూ ఉన్నది. వేలు మాత్రం బుడగలా ఉబ్బుతూనే పోయింది. కత్తెర పట్టుకుంటే ప్రాణం జివ్వుమంది. బొటనవేలు పనిచెయ్యని దర్జీకి బట్ట ఎవడిస్తాడు? ఆ భయం పట్టుకున్నాకే అతను ఆస్పత్రి మెట్లెక్కాడు.

అక్కడ నర్సు స్వయానా అతని మరదలు. బావ వేలిని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏం వేసుకున్నావు బావా?”

“ఎర్రది, పచ్చది, రెండు రంగులది.”

“మందేసుకున్నావా, జెండా కుట్టుకున్నావా?”

డాక్టరు శుభ్రంగా చేతులు కడుక్కుని, వేలు కోసి చీము తీశాడు. అందులో కాస్త దూదిపుల్లకు అద్ది పరీక్షకు పంపమన్నాడు.

“పరీక్షలెందుకండీ. మొన్న నా పడిశానికి రాశారే, అదే రాసెయ్యండి,” అన్నాడు దర్జీ.

“అప్పుడు నువ్వు కుర్చీ వదలకపోతే, నిన్ను వదిలించుకోడానికి రాశాను. పడిశానికి ఆ మందు పనిచెయ్యదు, నేను రాయకూడదు. ఈసారి కుర్చీ ఇంటికి పట్టుకుపోయినా రాయను.”

రెండ్రోజులకు పరీక్ష ఫలితం మరదలే చెప్పింది. “నీ ఎర్రదాన్నీ పచ్చదాన్నీ నీ వేల్లో క్రిములు ఖాతరు చెయ్యట్లేదు బావా. అరకొరగా వేసి వేసి నువ్వే వాటిని రాటుదేల్చి ఉంటావు. లొంగే మందు ఇంకా ఒకటుంది, బతికిపోయావు.”

“అదీ లేకపోతే?”

“వేలు పోయేది.”

మరదలు వేళాకోళం లేకుండా ఒక్క మాట మాట్లాడటం అతను చూడటం అదే మొదటిసారి.

కొత్త మందు పడ్డాక వాపు దిగింది, నొప్పి పోయింది. నొప్పితో పాటు భయమూ పోయింది. ఇంకా అట్టలో మందు మిగిలుండగానే పాత బుద్ధి లేచి కూర్చుంది. నీలం రంగు మాత్రలు, అతని డబ్బాలో లేని రంగు. అట్ట పట్టుకుని డబ్బా మూత తీశాడు.

లోపల ఒక్క మాత్ర లేదు. అన్ని గళ్లలో గుండీలే. ఎర్ర మాత్రలుండే గడిలో మాత్రం సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఒకటి కొత్తగా మెరుస్తోంది.

“మీ చెల్లి వచ్చిందా?” అని కేకేశాడు.

“వచ్చింది,” అంది లోపల్నుంచి భార్య. “మాత్రలన్నీ మూటగట్టి ఆస్పత్రిలో అప్పగించడానికి పట్టుకెళ్లింది. నువ్వు ఏడిస్తే ఆ టోపీ తొడిగి ఊరుకోబెట్టమంది.”

దర్జీకి నవ్వాగలేదు. టోపీ తొడుక్కుని వేలు ఆడించి చూసుకున్నాడు. వేలు అతనిదే, పూర్తిగా ఉంది. నీలం మాత్ర డబ్బాలో కాక నోట్లో వేసుకున్నాడు. డాక్టరు చెప్పినన్నాళ్లూ ఒక్కటీ తప్పలేదు.

కొన్నాళ్లకు సైకిళ్లు బాగుచేసే పక్కింటతను దగ్గుకుంటూ వచ్చాడు. “సగం డాక్టరూ, ఒక ఎర్రది పడెయ్.”

దర్జీ గంభీరంగా డబ్బా తీసి, అతని అరచేతిలో ఒకటి పెట్టాడు. “గోరువెచ్చని నీళ్లతో వేసుకో.”

అతను నోటిదాకా తీసుకెళ్లి ఆగాడు. “ఇది కోటు గుండీ కదయ్యా.”

“అదేం దగ్గో తెలీకుండా ఇస్తే, మాత్రైనా ఒకటే, గుండీ అయినా ఒకటే. నీ చొక్కా పైగుండీ ఊడింది, ఇలా రా, కుట్టేస్తాను. తర్వాత తిన్నగా డాక్టరు దగ్గరికి నడు.”

దారం కత్తిరించడానికి కత్తెర తీశాడు. బొటనవేలు దాని పిడి కంట్లోకి హాయిగా దూరింది.