బుల్లికి కెమెరా

కెమెరా కొనాలని నేను అన్నానో లేదో, మా ఇంట్లో రెండు పార్టీలు లేచాయి. ఒకటి మా ఆయన నరసింగరావుది, వైరు పార్టీ. రెండోది మా తమ్ముడు మురళీమోహన్‌ది, వైర్‌లెస్ పార్టీ. చుట్టుపక్కల పదూళ్ళ మోటార్లు మా ఆయన చేతి మీదే బాగవుతాయి. తీగ లేని సామాను ఏదైనా ఆయన దృష్టిలో పిల్లలాడుకునే బొమ్మే. మా తమ్ముడికి నరసన్నపేటలో సెల్‌ఫోన్ల కొట్టుంది. వాడికి తీగ కనిపిస్తేనే చిరాకు. వీళ్ళిద్దరి మధ్యా ఇరుక్కున్నాం, నేనూ నా గేదె బుల్లీ.

అసలు కెమెరా ఎందుకో చెప్పాలి. రెండేళ్ళ కిందట పాతపట్నంలో మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి బుల్లి ఈనేసి ఉంది. దూడ ముక్కుకు పొర అంటుకుపోయి, ఊపిరాడక చచ్చిపోయింది. పక్కన ఒక్క మనిషి ఉండి ముక్కు తుడిచి ఉంటే బతికేది. బుల్లి పది రోజులు ఆ చోటునే వాసన చూస్తూ అరిచింది. నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది. ఆ తర్వాత నేను ఊరు దాటలేదు.

ఇప్పుడు 2018 మార్చి. బుల్లి మళ్ళీ నిండు చూలు. సరిగ్గా అది ఈనాల్సిన వారంలోనే, ఆదివారం ఉదయం, అదే చెల్లెలి కూతురి పెళ్ళి. పెద్దమ్మనై ఉండి నేను వెళ్ళకపోతే అది జన్మలో నాతో మాట్లాడదు. "నీ గేదె కన్నా నా కూతురు తక్కువైపోనాదేటే?" అని ముందే ఫోను చేసి అడిగేసింది. ఏం చెప్పను?

పశువుల ఆసుపత్రిలో పనిచేసే లీలారాణిది మా పక్కవీధే. ఆమే ధైర్యం చెప్పింది. "నొప్పులు కనిపిస్తే నాకు ఫోన్ కొట్టీ అక్కా. అయిదు నిముషాల్లో ఉంటాను," అంది. పాతపట్నంలో ఉన్నదానికి నొప్పులు ఎలా కనిపిస్తాయి? కెమెరా ఆలోచన అక్కడే పుట్టింది.

మా పశువుల సాల ఇంటికి ఎదురుగా, వీధికి అవతల ఉంది. ఇంటర్నెట్ డబ్బా ఇంట్లో ఉంది. గొడవంతా ఆ వీధి దాటడం దగ్గరే వచ్చింది.

మా ఆయన శ్రీకాకుళం వెళ్ళి అట్టపెట్టెడు సామాను తెచ్చాడు. నాలుగు కెమెరాలు, రికార్డింగు పెట్టె, పెద్ద చుట్ట నల్ల వైరు. "ఇంటికి మూడు, సాలకొకటి. ఒకపాలి కట్టినామంటే పదేళ్ళు సూసుకోనక్కర్నేదు," అన్నాడు. ఇంటికి కెమెరాలు పెట్టాలని ఆయనకు ఎప్పట్నుంచో మోజు. ఇప్పుడు బుల్లి పేరు చెప్పుకుని తీర్చుకుంటున్నాడు.

మురళి చొక్కాజేబులోంచి నిమ్మకాయంత తెల్ల కెమెరా తీశాడు. "గోడకి కన్నాల్నేవు, మేకుల్నేవు. పెట్టీసి పోడమే బావా."

"వైర్‌లెస్సంతావు. మరి ఈ తోకేట్రా?" అంటూ మా ఆయన ప్లగ్గు తీగ పట్టుకుని ఊపాడు.

"కరెంటొద్దేటి దానికి?"

"అయితే సగం వైరే కదా. మిగతా సగానికి సిగ్గెందుకు?"

రెండూ పెట్టి చూస్తే తప్ప ఇద్దరూ ఊరుకోరని నాకు అర్థమైంది. గురువారం పొద్దున్న వీధికి అడ్డంగా తాత్కాలికంగా వైరు వేసి మా ఆయన ముందు చూపించాడు. టీవీలో బుల్లి ఎంత స్పష్టంగా ఉందంటే, ముక్కు మీద వాలిన ఈగల్ని లెక్కపెట్టొచ్చు. ఆయన మొహం వెలిగిపోయింది. తర్వాత మురళి వంతు. నా ఫోనులో బుల్లి కనిపించింది, నెమరు వేసింది, సగం నమిలి నోరు పక్కకు పెట్టి అలాగే ఆగిపోయింది. రెండు నిముషాలు చూశాం. కదల్లేదు.

"నీ కెమెరాలో గేదె గుడిలో రాతిబొమ్మయిపోనాదిరా," అని మా ఆయన పగలబడి నవ్వాడు.

మురళి మొహం చిన్నబోయింది. కానీ వాడు తగ్గే రకమా? నా చేతిలో ఫోను తీసుకుని ఏదో గుర్తు నొక్కిపెట్టి, "మాటాడక్కా," అన్నాడు.

"ఎవులితో?"

"బుల్లితో."

నాకు నవ్వొచ్చింది. అయినా అన్నాను, "ఒసే బుల్లీ, కుడితి తాగినావేటే?"

ఫోనులో బొమ్మ ఒక్క కుదుపుతో కదిలింది. బుల్లి రెండు చెవులూ ఎత్తింది. సాల అంతా కలయచూసింది. ఆ తర్వాత వీధి అవతల నుంచి దాని అరుపు వినిపించింది, రోజూ నేను తలుపు తీసేటప్పుడు అరిచే అరుపే. నేను ఇంట్లో నిలబడి ఉన్నాను. నా గొంతు దాని పక్కన ఉంది. ఇంకేమీ ఆలోచించలేదు.

"ఇదే ఉంచీయండి," అన్నాను.

"బొమ్మ ఆగిపోతాది ధనం. ఆ గోడలు దాటి సిగ్నల్ రాదు," అన్నాడు మా ఆయన.

"ఆగితే ఆగనీ మావా. నీ దానికి నోరు నేదు."

ఆయన వైరు చుట్టేసి, పెట్టెలో పెట్టి, తిరిగి ఇచ్చేస్తానన్నాడు. మురళి ఈల వేసుకుంటూ కొట్టుకు పోయాడు. శనివారం నేను బట్టలు సర్దుతుంటే మా ఆయన పొద్దుటి నుంచీ కంటికి కనిపించలేదు. చీకటి పడుతుండగా వచ్చాడు. చొక్కా నిండా బూజు, జుట్టులో సున్నం. పెళ్ళి ముందురోజు కూడా ఎవరి మోటారు కిందో దూరి వచ్చాడని చెడామడా తిట్టాను. నవ్వి స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆదివారం చీకటితోనే బయల్దేరాం. పదిన్నరకి పాతపట్నంలో జీలకర్ర బెల్లం పెట్టారు. గట్టిమేళం మోగుతోంది. నేను అక్షింతలు వేసి, ఫోను తీసి చూశాను. బుల్లి పడుకుంది. లేచింది. మళ్ళీ పడుకుంది. తోక ఎత్తిపెట్టింది.

లీలారాణికి ఫోను చేశాను. మోగింది, తీయలేదు. మళ్ళీ చేశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆదివారం! చర్చిలో పాటలు నడిపించేది ఆమే. ఫోను సంచిలో ఎక్కడో మూలుగుతూ ఉంటుంది. మేళం హోరులో మాట వినపడదని నేను పట్టుచీర ఎత్తిపట్టుకుని భోజనాల పందిట్లోకి పరుగెత్తాను. మా ఆయనా మురళీ నా వెనకే పరుగెత్తారు.

"బుల్లీ! భయపడకే, నానున్నాను!" అని ఫోనులోకి అరిచాను. పులిహోర తింటున్నవాళ్ళంతా తలలు తిప్పారు.

బుల్లి చెవులెత్తింది. దానితోపాటు సాల తలుపు కూడా కిర్రుమంది. మా పక్కింటి గురమ్మవ్వ తొంగి చూసింది.

"ధనమ్మా? నువ్వు పెల్లికి ఎల్నేదేటే? ఎక్కడున్నావు?"

"పాతపట్నంలోనే ఉన్నానవ్వా! బుల్లి ఈనతంది! బేగి ఎవుల్నైనా పంపి లీలారాణిని పిలిపించు!"

"ఓలమ్మో, గోడ మాటాడతంది!" అంటూ గురమ్మవ్వ వీధిలోకి తిరిగి ఎవరినో చర్చికి తరిమింది. మళ్ళీ లోపలికి వచ్చేసరికి ముందుకాళ్ళు కనిపించాయి, తల వచ్చింది, ఒక్కసారిగా దూడ గడ్డిమీద జారిపడింది. నా చుట్టూ పందిరంతా మూగింది. వంటవాడు గరిటెతోనే వచ్చాడు.

దూడ కదల్లేదు. ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాను. ముక్కు మీద పొర, తెల్లగా, బిగుతుగా. రెండేళ్ళ కిందట చూసినట్టే.

"అవ్వా! ముక్కు మీద పొర తీసీ! నీ కొంగుతో తుడిసీ!"

గురమ్మవ్వ వంగింది. బుల్లి కొమ్ములు దించి బుస్సుమంది. నేను తప్ప ఎవరు దగ్గరికెళ్ళినా అది ఊరుకోదు. అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఒసే బుల్లీ! మన గురమ్మే! మన అవ్వేనే! ఉండు తల్లీ, ఉండు, నానున్నాను కదా," అని బతిమాలాను. బుల్లి ఆగింది. చెవులు నా మాటవైపు తిప్పింది. అవ్వ గభాలున వంగి, పొర లాగేసి, కొంగుతో ముక్కూ నోరూ తుడిచింది.

దూడ తుమ్మింది. తల విదిలించింది. చెవులు టపటపలాడించింది.

పందిరి పందిరంతా కేకలు వేసింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఫోనులో తెల్లచీరతో, చేతిలో పాటల పుస్తకంతో లీలారాణి రొప్పుతూ లోపలికి వచ్చింది. దూడను తిప్పి చూసి, "పెయ్యదూడ అక్కా! బాగున్నాది!" అంది. చెల్లెలు కూడా పెళ్ళిపీటల దగ్గర్నుంచి వచ్చి నా భుజం మీద నుంచి చూసింది. కోపం మరిచిపోయి, "ఓలమ్మ, ఎంత బాగున్నాదే!" అంది.

"సూసినావా మావా? నీ వైరు ఉంటే నా మాట వినిపించునా?" అన్నాను. ఆయన నవ్వి లడ్డూ నోట్లో వేసుకున్నాడు. మురళి మాత్రం ఫోను తిప్పి తిప్పి చూస్తూ గొణిగాడు. "ఒక్కపాలి కూడా బొమ్మ ఆగనేదేటి?"

సాయంత్రం మా వీధిలో ఆటో దిగి తలెత్తాను. మా ఇంటి గోడ నుంచి సాల చూరు దాకా నల్లటి వైరు, గడ్డి ట్రాక్టరు కింద నుంచి పోయేంత ఎత్తులో, బిగించి కట్టి ఉంది. సాల లోపల, చూరు కింద, ఇంకో ఇంటర్నెట్ డబ్బా పచ్చగా వెలుగుతోంది. కరెంటు పోతే ఆగకుండా పక్కనే బ్యాటరీ. శనివారం నాటి బూజూ సున్నమూ గుర్తొచ్చాయి. నేను తిట్టిన తిట్లూ గుర్తొచ్చాయి. వెనక్కి తిరిగితే ఆయన లేడు, ఇంట్లోకి జారుకున్నాడు.

బుల్లి దూడను నాకుతోంది. దాని పక్కన చతికిలబడి కెమెరా వైపు చూశాను.

"మావా, సూస్తన్నావా?"

"సూస్తన్నాను," అంది కెమెరా, మా ఆయన గొంతుతో. "బొమ్మ బాగున్నాది."

"నాకెందుకు సెప్పనేదు?"

"బుల్లికి నీ గొంతు కావాల. బొమ్మ ఆగిపోతే నువ్వు తట్టుకోనేవు. మరేటి సేయాల?"

ఆ గొంతుకు బుల్లి చెవి కూడా కదపలేదు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.