గడప దాటిన అక్క

లాల్‌దర్వాజాలో విమలాదేవి, ఆమె తమ్ముడు వైకుంఠం ఒకే అద్దె వాటాలో ముప్పైయొక్క సంవత్సరాలు గడిపారు. ఇద్దరికీ పెళ్లి కాలేదు. పదవీ విరమణ తరువాత, ఇద్దరి కష్టార్జితమూ కలిపి పక్క గల్లీలో రెండు గదుల పాత ఇల్లు కొన్నారు. తమ్ముడు పట్టుబట్టి దానిని అక్క పేరనే రిజిస్టరు చేయించాడు.

“పిల్లా జెల్లా లేనోళ్లకు సొంతిల్లెందుకు సారూ?” అని అద్దె ఇంటి యజమాని పెంటయ్య నవ్వాడు.

ఎందుకో వైకుంఠానికి తెలుసు. తల్లి పోయిననాడు, అద్దెవాళ్ల శవం ఇంట్లో ఉంచరాదని పెంటయ్య తండ్రి అడ్డుపడితే, ఆమెను గల్లీలో, వానలో పడుకోబెట్టవలసి వచ్చింది. అప్పుడే అక్క అన్నది: “నన్ను మాత్రం మనింట్ల నుంచే సాగనంపాలె, తమ్మీ.”

తాళంచెవి చేతికి వచ్చేసరికి ఆషాఢం ప్రవేశించింది.

“ఇంగ్లీషు సదివినోనివి, పంచాంగం పట్టుకొని కూసుంటవేందిరా? ఇయ్యాల్నే పోదాం పా,” అన్నది అక్క.

గుమాస్తాగిరీలో ఒక్క నిబంధన కూడా తప్పి ఎరుగని మనిషి ఆయన. “పద్ధతి పద్ధతే, అక్కా. శ్రావణంల మంచి ముహూర్తముంది. ఒక్క నెలనే గదా!”

ఆమె ఒక్కతే ఆ ఇంటికి వెళ్లింది. గడప దాటకుండా బయటే కూర్చుని, దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి వచ్చింది.

శ్రావణం ఇంకా నాలుగు రోజులుందనగా అక్క గుండెపోటుతో పోయింది. ఆసుపత్రి నుండి ఆమెను తెచ్చిన వ్యాను అద్దె ఇంటి ముందు, బోనాలకు కట్టిన వేపమండల కింద ఆగింది. పెంటయ్య చేతులు జోడించి ఎదురు వచ్చాడు.

“ఏమనుకోవద్దు సారూ. మా కోడలు నిండు నెలలతోని ఉన్నది. బయటనే ఉంచుండ్రి.”

వైకుంఠం జేబులోంచి తాళంచెవి తీశాడు. అది చూసి పొరుగింటి రుక్మాబాయి గుండె బాదుకున్నది.

“పాలు పొంగియ్యని ఇంట్లకు ముందుగాల శవమా? రేపు అండ్ల నువ్వెట్లుంటవయ్యా?”

“ఇల్లు ఆమెది, వదినె. నేనుండుడు తర్వాతి ముచ్చట.”

మోయడానికి ఎవరూ కదలలేదు. చివరకు బీరువాలు బాగుచేసే బాబూమియా చెప్పులు విడిచి వచ్చాడు. “చలో భాయ్, నేను కాళ్ల దిక్కు పట్టుకుంట.”

ఇద్దరూ కలిసి ఆమెను పక్క గల్లీకి మోసుకెళ్లి సొంతింటి గడప దాటించారు. లోపల చాప కూడా లేదు. వైకుంఠం కండువా పరచి పడుకోబెట్టాడు. గడప పసుపు మీద అక్క వేళ్ల గుర్తులు ఇంకా చెరగలేదు. అంతవరకూ వచ్చిన మనిషిని ఆపినది తానే.

“ఎంతసేపుంచుతవు? ఇగ తీస్కపోవాలె,” అన్నది రుక్మాబాయి, బయటి నుండే.

“జరసేపు ఉండనియ్యి వదినె,” అన్నాడు వైకుంఠం. “ఇప్పుడే గదా ఇంట్లకొచ్చింది.”